పొలం లెక్క, ఇంటి లెక్క

మాఘం వెళ్ళి ఫాల్గుణం ప్రవేశించే రోజులలో హుజూరాబాదు, జమ్మికుంట ప్రాంతాల పొలం గట్ల వెంట నడిచేవారికి ఒక దృశ్యం కనబడుతుంది. మంచు ఆరి ప్రొద్దు బాగా ఎక్కిన తరువాత, ఇద్దరు మనుషులు పొడవైన తాడును చెరొక కొన పట్టుకొని, పూత మీద ఉన్న వరి మీదుగా ఈడ్చుకొంటూ పోతారు. పరికించి చూస్తే ఆ మడిలో ఉన్నది ఒక వరి కాదు, రెండు. పొట్టి వరుసలు అనేకం, వాటి నడుమ నడుమ కొంచెం పొడుగ్గా ఎదిగిన వరుసలు కొన్ని. తాడు తగలగానే పొడుగు వరుసలనుండి పుప్పొడి సన్నని పొగ వలె లేచి పొట్టి వరుసలమీద వాలుతుంది. వరి పుప్పొడికి ఆయువు కొద్ది నిమిషాలే. అందుచేత ఆ పని ప్రొద్దున్న చేయదగినది కాదు, సాయంకాలానికి వాయిదా వేయదగినదీ కాదు. రైతులు ఈ పంటకు పెట్టుకొన్న పేరు ఏ నిఘంటువులోనూ వెదకనక్కరలేనంత సూటి అయినది: ఆడ మగ వరి.

మన దేశంలో సంకర వరి విత్తనం అధికభాగం పండేది పాత కరీంనగరం, వరంగల్లు జిల్లాలలోనే. ఆ తాడు కొనలలో ఒకటి బడి ఈడు పిల్లవాని చేతిలో ఉండడం అరుదు కాదు. సరిగా ఆ రోజులలోనే, పదవ తరగతి పరీక్షలు నెల రోజులలోకి వచ్చేసరికి, అదే పిల్లవాడు సాయంకాలం దీపం దగ్గర కూర్చొని అనువంశికత పాఠం వల్లె వేస్తూ ఉంటాడు. మెండెల్ మహాశయుడు మోరేవియాలోని బ్రున్ నగరపు మఠంలో బఠాణీ మొక్కలను పెంచినాడు, మొదటి సంతతిలో అన్నీ పొడుగు, రెండవ సంతతిలో మూడు పొడుగు, ఒకటి పొట్టి, నిష్పత్తి 3:1. పిల్లవాడు దీనిని తప్పు లేకుండా వ్రాస్తాడు, మార్కులు తెచ్చుకొంటాడు. కాని, "మీ నాయన ఆ విత్తనమంతా కంపెనీకి పోస్తాడు గదా, రెండు బస్తాలు దాచుకొని మరుసటి ఏడు తన పొలంలోనే ఎందుకు చల్లుకోడు?" అని అడిగి చూడండి. వాడు తెల్లబోతాడు. కంపెనీవారు ఒప్పుకోరని కొందరంటారు. అది నిజమే కావచ్చు గాని జీవశాస్త్రం కాదు.

ఆ జవాబు వాని నోట్సులోనే ఉన్నది. వరి స్వభావతః తన పుప్పొడితో తానే ఫలదీకరణం చెందే మొక్క. కనుక రెండు రకాలను కలపాలంటే, ఒక రకంలో పుప్పొడి వ్యర్థమైపోవాలి. అట్టి గొడ్డు పుప్పొడి గల మొక్కే 'ఆడ' వరి. ఆ గొడ్డుతనానికి మూలం కేంద్రకంలో లేదు. కణద్రవ్యంలోని మైటోకాండ్రియాలలో ఉన్నది. మైటోకాండ్రియాలు తల్లినుండే బిడ్డకు వస్తాయి గనుక ఆ గుణం తల్లి వెంటే నడుస్తుంది. అట్లయితే ఆడ వరికి పుట్టిన విత్తనం కూడ గొడ్డే కావాలి; రైతుకు గింజ పట్టకూడదు. పడుతున్నది ఎందుకు? 'మగ' వరి తన కేంద్రకంలో ఆ లోపాన్ని సరిదిద్దే బహిర్గత జన్యువును పట్టుకొని వస్తుంది గనుక. మొదటి సంతతిలో ప్రతి మొక్కకూ ఆ జన్యువు ఒక ప్రతి దొరుకుతుంది. అన్నీ కంకి నిండా పండుతాయి. ఆ పంటలోనుండి గింజ దాచి మళ్ళీ వేస్తే, యుగ్మవికల్పాలు విడిపోతాయి. సరిదిద్దే జన్యువు ఒక్కటే అనుకొంటే, రెండవ సంతతిలో నాలుగింట ఒక మొక్క తాలుకంకి వేయాలి. నిజానికి మనం వాడే రకాలలో రెండు ముఖ్యమైన జన్యువులు ఈ పని చేస్తాయి గనుక లెక్క అంత శుభ్రంగా ఉండదు. ఎత్తు, కాలం, గింజ పొడవు కూడ ఎక్కడివక్కడ విడిపోయి మడి కలగాపులగమైపోతుంది. మెండెల్ పృథక్కరణ సూత్రమంటే ఇదే. బఠాణీ పువ్వును ఎన్నడూ చూడని పిల్లవాడు దానిని బఠాణీలలో నేర్చి, ప్రతి ఏడూ చేత్తో తాడు లాగే వరిలో గుర్తుపట్టలేకపోవడం వాని తెలివితక్కువ కాదు. మనం ఎన్నడూ అడగలేదు, అంతే.

ఇంతకంటె లోతుకు, అణుస్థాయికి, పోదలచిన ఉపాధ్యాయునికి కూడ వరిచేనే చాలును. సాంబమసూరి ఎరుగనివారు మన వైపు లేరు. 1986 లో బాపట్ల నుండి వచ్చిన ఆ సన్నబియ్యానికి ఎండాకు తెగులు పెద్ద బెడద. రాజేంద్రనగరంలోని వరి పరిశోధన సంస్థవారు, హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రంవారు కలిసి మూడు నిరోధక జన్యువులను దానిలోనికి తెచ్చి 2008 లో మెరుగుపరచిన సాంబమసూరిని విడుదల చేశారు. ఆ మూడింటిలో రెండు అంతర్గత జన్యువులు. అంతర్గత జన్యువు ఒక్క ప్రతి ఉన్న మొక్క చూడడానికి మామూలు మొక్కే, తెగులు వస్తుంది. మరి శాస్త్రజ్ఞుడు ఆ మొక్కను వేల మొక్కలలో ఎట్లా ఏరుకొన్నాడు? ఆకు ముక్క త్రుంచి, డి.ఎన్.ఎ. తీసి, జన్యువు ప్రక్కన ఉండే గుర్తును చదివి. దృశ్యరూపం వేరు, జన్యురూపం వేరు అని మనం పది సంవత్సరాలుగా నల్లబల్ల మీద వ్రాసే వాక్యానికి ఇంతకంటె మంచి వ్యాఖ్యానం నాకు దొరకలేదు.

పాఠ్యపుస్తకాలలో ఉదాహరణలు పాతుకొనిపోతే ఎంత కష్టమో చెప్పడానికి ఇక్కడ ఒక చిన్న ముచ్చట. చెవి తమ్మెల మీద వెంట్రుకలు తండ్రినుండి కొడుకుకు మాత్రమే, వై క్రోమోజోము ద్వారా, వస్తాయని మన తరంవారందరం చదివాము, చెప్పాము. ఆ విషయం మీద 1960 ప్రాంతంలో ఆంధ్రదేశపు కుటుంబాల వంశవృక్షాలు సేకరించినవారు పిఠాపురంవారైన ద్రోణంరాజు కృష్ణారావుగారు. 1957 లో బ్రిటన్ విడిచి మన దేశానికి వచ్చి ఇక్కడనే తుదిశ్వాస విడిచిన హాల్డేన్ పండితునికి శిష్యులు. మన మేనరికాల మీద తొలి శాస్త్రీయ పరిశీలనలు చేసినవారిలో వారొకరు. వంశవృక్షాలు చూస్తే ఆ ఊహ సబబుగానే తోచింది. కాని 2004 లో దక్షిణ భారతీయుల వై క్రోమోజోములనే పరీక్షించి, ఆ లక్షణానికీ దానికీ అట్టి లంకె లేదని పరిశోధకులు తేల్చారు. నాలుక చుట్టగలగడం ఒక్క జన్యువు పని అనేదీ ఇంతే; ఒకే కవలలలో ఒకరు చుట్టగలరు, ఒకరు చుట్టలేరు. అయినా ప్రశ్నపత్రాలలో చెవి వెంట్రుకలు ఇంకా పెరుగుతూనే ఉన్నాయి. సిద్ధాంతం మారినందుకు సిగ్గుపడవలసినది శాస్త్రం కాదు. మార్పు తెలిసికొనని జవాబుల కీ.

ఇక గోదావరి దాటుదాము. ఆవలి ఒడ్డున ఆదిలాబాదు, నేడు నాలుగు జిల్లాలైన పాత ఆదిలాబాదు. అక్కడ ఈ పాఠం పొలంలో కంటె దగ్గరగా, నెత్తురులో ఉన్నది.

నేను కొన్నాళ్ళు ఉట్నూరు వైపు ఒక ఆశ్రమ పాఠశాలలో జీవశాస్త్రం చెప్పినాను. అనువంశికత పాఠం వచ్చినప్పుడు, ఆ ప్రాంతపు గోండు, కొలాము కుటుంబాలలో కనబడే కొడవలి కణ రక్తహీనతను ఉదాహరణగా తీసికొన్నాను. అంతవరకు బాగానే చేశాను. నల్లబల్ల మీద నాలుగు గళ్ళు గీశాను. తల్లికి ఒక మంచి ప్రతి, ఒక మారిన ప్రతి, తండ్రికీ అంతే. ఇద్దరూ ఆరోగ్యవంతులే. నాలుగు గళ్ళలో ఒక గడిలో రెండు మారిన ప్రతులు పడతాయి. "చూశారా, నలుగురు పిల్లలలో ఒకరికి వ్యాధి వస్తుంది" అన్నాను. ముప్ఫై ఏండ్లుగా ఎందరో ఉపాధ్యాయులు అన్న మాటే. వెనుక వరుసలో ఒక అమ్మాయి లేచి నిలబడింది.

"మా ఇంట్ల ముగ్గురం సార్. ఇద్దరికి ఉన్నది. అయితే ఈ లెక్క తప్పా, మా అమ్మ ఏమన్న తప్పు చేసిందా?"

నా దగ్గర జవాబు ఉండెను గాని అది ఆ క్షణాన నోటికి రాలేదు. ఏదో సర్ది చెప్పి గంట కొట్టించుకొన్నాను. ఆ రాత్రి మెండెల్ అసలు అంకెలు తీసి చూచుకొన్నాను. గుండ్రని గింజలు 5474, ముడుతల గింజలు 1850. పొడుగు మొక్కలు 787, పొట్టివి 277. ఒక్కచోట కూడ సరిగా మూడుకు ఒకటి రాలేదు, దగ్గరికి వచ్చింది. ఏడు వేల గింజలు లెక్కపెట్టినాడు గనుక అంత దగ్గరికి వచ్చింది. నాలుగు గింజలు లెక్కపెట్టి ఉంటే ఆ మహనీయుడు ఏమీ కనిపెట్టలేకపోయేవాడు. నేను చేసిన తప్పు అది. చేనికి చెల్లే లెక్కను తీసికొనిపోయి ఇంటికి అంటగట్టినాను. చేనులో నాలుగింట ఒకటి కంటికి కనబడే పాలు. ఇంట్లో అది ప్రతి కాన్పుకూ క్రొత్తగా మొదలయ్యే అవకాశం మాత్రమే. ముందు పుట్టిన బిడ్డ సంగతి తరువాతి బిడ్డకు తెలియదు.

మరునాడు రెండు డబ్బాలు తెచ్చి, ఒక్కొక్కదానిలో ఒక తెల్ల బొబ్బర గింజ, ఒక ఎర్ర బొబ్బర గింజ వేశాను. ఒకటి తల్లి, ఒకటి తండ్రి. కన్ను మూసుకొని ఒక్కొక్క డబ్బాలోనుండి ఒక్కొక్క గింజ తీయాలి, చూచి మళ్ళీ వేయాలి. రెండూ ఎర్రవైతే వ్యాధిగల బిడ్డ. (మొదట అష్టాచెమ్మకు వాడే చింతగింజల బద్దలు ఎగురవేయిద్దామనుకొన్నాను. కాని బద్ద రెండు వైపులా సమంగా పడదు. ఆ సంగతి ఆటలో ఓడిపోయేవారందరికీ తెలుసును.) ప్రతి విద్యార్థి నలుగురేసి 'పిల్లలను' తీశాడు. తరగతిలో కొన్ని ఇండ్లలో ఒక్కరికీ లేదు, కొన్నిటిలో ఇద్దరికి, ఒక ఇంట్లో ముగ్గురికి. తరువాత గణితంతో సరిచూశాము. అట్టి దంపతులు 256 జంటలు ఉండి, ఒక్కొక్క జంటకు నలుగురేసి పిల్లలు ఉంటే, సగటున 81 ఇండ్లలో ఒక్కరికీ వ్యాధి ఉండదు. 108 ఇండ్లలో ఒకరికి. 54 ఇండ్లలో ఇద్దరికి. 12 ఇండ్లలో ముగ్గురికి. ఒక్క ఇంట నలుగురికీ. 'నలుగురిలో ఒకరు' అనే నా మాట నిజమైన ఇండ్లు సగానికి కూడ తక్కువ! తరగతి మొత్తం పిల్లలను కలిపి లెక్కిస్తే మాత్రం నాల్గవ వంతుకు దగ్గరగా వచ్చింది. ఆ అమ్మాయి తన డబ్బాలలోనుండి పదే పదే తీస్తూ చాలసేపు కూర్చున్నది. నేను ఏమీ అడగలేదు.

ఈ వ్యాధి అణు జీవశాస్త్రానికి తొలి పాఠం వంటిది కూడ. 1949 లో లైనస్ పౌలింగు బృందం రోగి హిమోగ్లోబిను అణువే వేరుగా ఉన్నదని చూపినారు. మరి కొన్నేండ్లకు, 1956-57 లో, ఇంగ్రామ్ ఆ తేడా ఎక్కడో పట్టుకొన్నాడు. 146 అమైనో ఆమ్లాల గొలుసులో ఆరవ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీను. దానికి మూలం డి.ఎన్.ఎ. లో ఒక్క అక్షరం: జి-ఏ-జి ఉండవలసినచోట జి-టి-జి. 'మందు'కూ 'ముందు'కూ ఒక్క కొమ్ము తేడా. అర్థం ఎంత మారుతుందో చూడండి. ఆ ఒక్క తేడావల్ల, ప్రాణవాయువు తగ్గినప్పుడు హిమోగ్లోబిను అణువులు ఒకదానికొకటి అంటుకొని పోగులు కడతాయి. గుండ్రని కణం కొడవలి వలె వంగుతుంది. సన్నని రక్తనాళాలలో అడ్డుపడి కీళ్ళలో, ఎముకలలో భరింపరాని నొప్పి పుడుతుంది. ఒక్క మారిన ప్రతి గలవారికి సాధారణంగా ఈ బాధ లేదు. పైగా 1954 లో ఆలిసన్ చూపినట్లు, అట్టివారికి ప్రాణాంతకమైన మలేరియానుండి కొంత రక్షణ కూడ ఉన్నది. అడవి జ్వరాల నడుమ తరతరాలు బ్రదికిన జాతులలో ఈ జన్యువు ఎందుకు నిలిచిందో దీనివల్ల తెలుస్తుంది. అది ఎవరి పాపమూ కాదు.

ఇక్కడ మన పరిభాషను గురించి ఒక మాట అనకుండ ఉండలేను. ఒక మంచి ప్రతి, ఒక మారిన ప్రతి ఉన్న స్థితిని మన పుస్తకాలు 'విషమయుగ్మజం' అంటాయి. సంస్కృతం తెలిసినవారికి విషమమంటే అసమానం. కాని ఇంట్లో గోండీ మాట్లాడి, బడిలో తెలుగు నేర్చే బిడ్డకు అందులో వినిపించేది విషం. లేదా జబ్బు విషమించడం. రక్తపరీక్ష కార్డు చేతిలో ఉన్న బిడ్డకు 'నీది విషమయుగ్మజం' అని చెప్పి చూడండి. 1943 లో మార్లవాయిలో హైమెండార్ఫ్ గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం ప్రారంభించినప్పుడు, మొదటి వాచకాలు గోండీలోనే వ్రాయించినాడు. బిడ్డ తన భాషలో తెలిసికొన్నది మరొక భాషలోనికి మోసుకొనిపోగలడని ఆయన ఎరుగును. నేను తరగతిలో 'కలిసిన జంట' అన్నాను. పరీక్షకు మాత్రం పుస్తకపు మాట నేర్పినాను.

గోండు పిల్లలకు వంశవృక్షం క్రొత్త కాదు కూడ. నలుగురు దేవుళ్ళవారు, ఐదుగురు దేవుళ్ళవారు, ఆరుగురు, ఏడుగురు దేవుళ్ళవారు అని వారి సగాలు నాలుగు. ఒకే సగాలోనివారు అన్నదమ్ముల వరుస; వివాహం కూడదు. ఎవరు ఏ సగావారో పదేండ్ల పిల్ల తడుముకోకుండ చెప్పగలదు. మనం చతురస్రాలతో, వృత్తాలతో గీయించే పటం ఆమె నోట ముందే ఉన్నది. అయితే సగా కట్టుబాటు మేనరికాన్ని ఆపదు. మారిన ప్రతి ఒకటి ఉన్నవారికి మేనమామ బిడ్డో మేనత్త బిడ్డో సంబంధం కుదిరితే, అదే ప్రతి ఆ ఇంట కూడ ఉండడానికి ఆ బంధుత్వంవల్లనే ఎనిమిదింట ఒక పాలు అవకాశం అదనంగా వస్తుంది. అక్కకూతురిని చేసికొనే చోట అది నాలుగింట ఒక పాలు. ఈ రెండు లెక్కలు గోదావరికి ఈ ఒడ్డున కూడ పనికివచ్చేవే.

2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాహ్‌డోల్‌లో ప్రధానమంత్రి ప్రారంభించిన జాతీయ కార్యక్రమం క్రింద గిరిజన ప్రాంతాలలో 40 ఏండ్ల లోపు 7 కోట్ల మందికి రక్తపరీక్ష చేసి కార్డులు ఇవ్వాలని సంకల్పం. 2047 నాటికి ఈ వ్యాధిని నిర్మూలించాలని గడువు పెట్టుకొన్నారు. హైడ్రాక్సీయూరియా మాత్రలు నొప్పుల దాడులను తగ్గిస్తున్నాయి. 2023 చివర జన్యువును సవరించే చికిత్సకు కూడ బ్రిటన్, అమెరికాలు అనుమతినిచ్చాయి. దాని వెల మన పల్లెల కందేది కాదు. ఇవన్నీ వైద్యుల పనులు. కార్డు చదవడం నేర్పడం మాత్రం మన పని. ఆ కార్డు మీద ఉన్నది పదవ తరగతి జీవశాస్త్రం తప్ప మరొకటి కాదు. పెండ్లి మాటల సమయంలో దానిని చదవలేక ఒక ఆడపిల్లను 'రోగిష్టి' అని వెనుకకు పంపితే, ఆమెకు 3:1 నిష్పత్తి మీద వచ్చిన పూర్తి మార్కులు ఏమి సహాయం చేస్తాయి?

అయితే పరీక్షించడమెట్లా అని ఉపాధ్యాయ మిత్రులు అడుగుతారు. వారి భయం నాకు తెలుసును. 'సూత్రాలను వివరింపుము' అంటే కీ ఉంటుంది, స్పాట్ వాల్యుయేషన్‌లో నిమిషానికొక కాగితం తిప్పవచ్చు. ఆలోచన అడిగితే జవాబులు పది తీరులుగా వస్తాయి, మార్కులకు తగవు వస్తుంది. నేను చూచినంతలో ఆ తగవు అంత పెద్దది కాదు. ప్రశ్నను చిన్నదిగా, బిగువుగా అడిగి, అంకెకు ఒక మార్కు, కారణానికి రెండు అని ముందే చెప్పితే చాలును. 'ఆడ మగ వరి విత్తనాన్ని దాచి వేసిన రైతు చేనులో కొన్ని తాలుకంకులు కనబడినవి, ఎందుకు?' ఇది పొలం ప్రశ్న. 'ఒక దంపతుల మొదటి బిడ్డకు కొడవలి కణ వ్యాధి ఉన్నది. ఇక పుట్టబోయే ముగ్గురూ ఆరోగ్యంగా ఉంటారని పొరుగువారు అన్నారు. నీవేమంటావు?' ఇది ఇంటి ప్రశ్న. ఈ రెండవదానికి కంఠస్థం చేసిన పేరా ఏదీ అతకదు. పేర్లు వ్రాయకూడదు, తమ ఇంటి సంగతి వ్రాయనక్కరలేదు అని మాత్రం ముందుగా చెప్పాలి. బిడ్డ నెత్తురు ప్రశ్నపత్రంలో బయటపడకూడదు.

అర్ధసంవత్సర పరీక్షలో ఆ రెండవ ప్రశ్న ఇచ్చినాను. వెనుక వరుస అమ్మాయి నాలుగు వాక్యాలు వ్రాసింది: ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక పాలే అని, ముందు బిడ్డకు వచ్చినంత మాత్రాన తరువాతివారికి తగ్గదని, పెరగదని, నలుగురికీ రాకపోవచ్చును, ఇద్దరికి రావచ్చునని, చివర, ఇందులో అమ్మ తప్పు లేదని. చివరి వాక్యం నా కీలో లేదు. మొత్తం మార్కులు వేశాను. తరగతిలో సగానికి పైబడినవారు మాత్రం 'ఒకరికి వచ్చేసింది గనుక తక్కిన ముగ్గురూ ఆరోగ్యవంతులు' అనే వ్రాశారు. సోమవారం బొబ్బర్ల డబ్బాలు మళ్ళీ బయటికి తీశాను.